వెంటిలేటర్ మీద ఉన్న రోగిని స్కానింగ్‌కు తీసుకెళ్లేటప్పుడు దేన్ని ముందే చూసుకోవాలి?

వేకువ డ్యూటీ అడిగిన ప్రశ్న:

నమస్కారం అండి. జనరల్ వార్డు నుంచి ఈ మధ్యే ఐసీయూకు మారిన నర్సును. వార్డులో ఉన్నప్పుడు రోగులను ఎక్స్‌రేకు, స్కానింగ్‌కు పంపడం రోజూ చేసిన పనే. కానీ నోట్లో ట్యూబు, మెడలో సెంట్రల్ లైను (పెద్ద సిరలోకి వేసిన సన్నటి గొట్టం), పక్కన మూడు నాలుగు సిరింజి పంపులు ఉన్న మనిషిని మంచం నుంచి కదిలించి లిఫ్టు ఎక్కించడం వేరే పని అని ఇక్కడికి వచ్చాకే తెలిసింది.

ఒక సంఘటన చెబుతాను. రక్తంలోకి ఇన్‌ఫెక్షన్ పాకి, నార్‌అడ్రినలిన్ అనే బీపీ పెంచే మందు మీద నిలబడుతున్న ఒక పెద్దాయనను కడుపు సీటీకి తీసుకెళ్లాం. దారిలో ఏ ఇబ్బందీ లేదు. సీటీ గదిలో ట్రాలీ మీద నుంచి టేబుల్ మీదకు మార్చేటప్పుడు, స్టాండుకున్న సిరింజి పంపు అడ్డం వస్తోందని ఒకరు దాన్ని విప్పి నేల మీద పెట్టారు. మందు ఆగలేదు, లైను ఊడలేదు, అలారం మోగలేదు. అయినా పై బీపీ 110 నుంచి 70కి పడిపోయింది. పంపును మళ్లీ పైకెత్తి స్టాండుకు బిగించగానే ఈసారి 180 దాటింది. కొన్ని నిమిషాలకు సర్దుకుంది, స్కానింగ్ పూర్తయింది, ఆయనను క్షేమంగా వెనక్కి తెచ్చాం. ఎందుకలా జరిగిందని అడిగితే "రోగిని కదిలిస్తే బీపీ కదులుతుంది, మామూలే" అన్నారు. ఆ జవాబుతో నాకు తృప్తి కలగలేదు.

అందరూ చెప్పే సలహా ఒకటే: తొందరగా వెళ్లి తొందరగా వచ్చేయండి. ఎంత తొందరగా వెళ్లాలన్నది కాదు నా సందేహం. బయలుదేరేముందు ఏం చూడాలి, ఏ క్షణంలో కళ్లు ఎక్కడ పెట్టాలి? ఆక్సిజన్ సిలిండర్ చాలుతుందో లేదో ఎలా లెక్కపెట్టాలి? అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరా?

---

ఊపిరి జవాబు:

మత్తు వైద్యుడిని, ఐసీయూలో పనిచేస్తాను. సిస్టర్, మంచి ప్రశ్న అడిగారు. ముందు ఆ బీపీ సంగతి చెబుతాను, ఎందుకంటే దానికి కచ్చితమైన కారణం ఉంది.

సిరింజి పంపు మోటారు ప్లంజర్‌ను నెడుతుంది. అయితే సిరింజి రబ్బరు కొంచెం సాగుతుంది, గొట్టమూ సాగుతుంది, సిరింజి తన గాడిలో వెంట్రుకవాసి ఆడుతుంది. పంపును రోగి కంటే బాగా కిందకు దించితే, ముందుకు పోవలసిన మందు కాసేపు ఆగిపోతుంది, ఒక్కోసారి వెనక్కి కూడా వస్తుంది. మోటారు తిరుగుతూనే ఉంటుంది కాబట్టి పంపుకు ఏ లోపమూ కనిపించదు, అలారం రాదు. పైకెత్తినప్పుడు దీనికి వ్యతిరేకంగా జరుగుతుంది, మందు ఒక్కసారిగా లోపలికి పోతుంది. గంటకు రెండు మూడు మిల్లీలీటర్లు మాత్రమే వెళ్లే చిక్కటి మందులో ఈ తేడా మరీ ఎక్కువ. నార్‌అడ్రినలిన్ రక్తంలో సగానికి తగ్గడానికి రెండున్నర నిమిషాలు చాలు. అందుకే పంపు నేల మీదకు దిగిన కాసేపటికే మీకు 70 కనిపించింది.

కాబట్టి బీపీ మందు పంపు బయలుదేరిన దగ్గర నుంచి తిరిగి వచ్చే వరకూ రోగి గుండె ఎత్తులోనే ఉండాలి. మంచానికి బిగించే స్టాండు ఉంటే అన్నిటికంటే మేలు. పంపును కదల్చక తప్పకపోతే రోగి వైపు ఉన్న స్టాప్‌కాక్‌ను (లైనును మూసి తెరిచే చిన్న కుళాయిని) కొన్ని క్షణాలు మూసి, కొత్త చోట బిగించి, వెంటనే తెరవాలి. సిరింజిలో మందు అడుగంటుతుంటే బయలుదేరక ముందే మార్చేయండి. కొత్త సిరింజి పెట్టిన పంపు మందును సరిగ్గా తోయడానికి కొంత సమయం పడుతుంది. లైను చివర మందు చుక్క కనిపించేదాకా పంపుతోనే తోయించి, ఆ తర్వాతే రోగికి కలపాలి. ఇదంతా కారిడార్‌లో చేసే పని కాదు.

నా అనుభవంలో చక్రాలు తిరుగుతున్నంతసేపూ రోగికి జరిగే హాని తక్కువ. ఒక యంత్రం నుంచి మరో యంత్రానికి, ఒక పరుపు నుంచి మరో పరుపుకు మార్చే చోటే చాలా ప్రమాదాలు జరుగుతాయి. ఐసీయూ వెంటిలేటర్ విప్పి ప్రయాణపు వెంటిలేటర్‌కు తగిలించేటప్పుడు ఒకటి, గోడ ఆక్సిజన్ నుంచి సిలిండర్‌కు మారేటప్పుడు ఒకటి, టేబుల్ మీదకు జరిపేటప్పుడు ఒకటి, మళ్లీ ఇవన్నీ వెనక్కి. "తొందరగా" అనే మాట వల్ల జనం సరిగ్గా ఈ చోట్లలోనే హడావిడి పడతారు. అందుకే ఆ సలహా నాకు నచ్చదు. నడక నెమ్మదిగా ఉన్నా నష్టం లేదు. మార్పిడి మాత్రం ఒక్కొక్కటిగా, చూసుకుంటూ జరగాలి.

ప్రయాణపు వెంటిలేటర్‌ను బయలుదేరే క్షణంలో తగిలించకండి. మంచం దగ్గరే, గోడ ఆక్సిజన్ మీదే, అదే సెట్టింగులతో కనీసం పది నిమిషాలు నడవనివ్వండి. సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) నిలిచిందా, ఊపిరికి వచ్చే గాలి పరిమాణం సరిగ్గా ఉందా, ఛాతీ రెండు వైపులా లేస్తోందా, బీపీ ఎలా ఉంది, ఇవన్నీ అక్కడే తేలిపోవాలి. మంచం దగ్గరే ఆ యంత్రం మీద నిలవలేని రోగి లిఫ్టులో నిలవడు. ఆ పరీక్షలో తప్పిన రోగిని నేను తీసుకెళ్లను.

ఊపిరితిత్తులు గట్టిపడి ఎక్కువ పీప్ (ఊపిరి వదిలాక కూడా గాలి గదులు ముడుచుకోకుండా యంత్రం నిలిపి ఉంచే ఒత్తిడి) మీద ఉన్నవారి విషయంలో ఇంకో జాగ్రత్త ఉంది. గొట్టం విప్పిన మరుక్షణం లోపలి ఒత్తిడి పోయి గాలి గదులు ముడుచుకుపోతాయి. తిరిగి తెరుచుకోవడానికి చాలాసేపు పడుతుంది. అందుకని, తనంతట తాను ఊపిరి తీయని రోగిలో, గాలి లోపలికి వెళ్లిన క్షణంలో ట్యూబును క్లాంపుతో పట్టి, కొత్త యంత్రం తగిలించాకే వదులుతాం. ఇది వైద్యుడు దగ్గరుండి చేయవలసిన పని. లోపల తీగ చుట్టిన ట్యూబును మాత్రం క్లాంపు చేయకూడదు, అది నొక్కుకుపోయి మళ్లీ విచ్చుకోదు.

కాప్నోగ్రాఫ్ (వదిలే ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్‌ను కొలిచి చూపించే పరికరం) లేకుండా ట్యూబు ఉన్న రోగిని గది దాటించకండి. ట్యూబు జారితే మానిటర్ మీద కార్బన్ డయాక్సైడ్ అల వెంటనే చదునైపోతుంది. సాచురేషన్ పడటానికి నిమిషాలు పట్టవచ్చు, వేళ్లు చల్లబడిన రోగిలో ఇంకా ఆలస్యం. బ్రిటన్‌లో మత్తు వైద్యుల రాయల్ కాలేజీ 2011లో ప్రచురించిన నాలుగో జాతీయ ఆడిట్‌లో, శ్వాసమార్గ సమస్యలతో ఐసీయూలలో జరిగిన మరణాల్లో 70 శాతానికి పైగా కాప్నోగ్రాఫ్ వాడకపోవడం కారణమై ఉండవచ్చని తేల్చారు. ఆ నివేదిక చదివిన తర్వాత దీన్ని అదనపు సౌకర్యంగా చూడటం నా వల్ల కాదు.

ఎంతమంది వెళ్లాలని చాలామంది అడుగుతారు. అమెరికాలోని సొసైటీ ఆఫ్ క్రిటికల్ కేర్ మెడిసిన్ 2004లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం కనీసం ఇద్దరు. రోగి నిలకడగా లేకపోతే శ్వాసమార్గాన్ని కాపాడగల వైద్యుడు తోడుండాలి. ట్రాలీ తోసేవారిని ఈ ఇద్దరిలో లెక్కించకండి. ట్రాలీ తోస్తూ మానిటర్ చూడటం ఎవరికీ సాధ్యం కాదు.

ఎక్కువమంది మరిచిపోయేది ఒకటుంది. ప్రయాణానికి ముందు ముక్కు గొట్టం ద్వారా ఇచ్చే ఆహారం ఆపుతాం. ఇన్సులిన్ పంపు మాత్రం నడుస్తూనే ఉంటుంది. మత్తులో ఉన్న రోగికి చక్కెర పడిపోయినా చెమట, వణుకు చూసి గుర్తుపట్టడం కష్టం. ఆహారం ఆపిన చేత్తోనే ఇన్సులిన్ సంగతి డాక్టరును అడగండి, వెళ్లేముందు ఒకసారి, వచ్చాక ఒకసారి చక్కెర చూడండి.

ఆక్సిజన్ లెక్క నాకంటే బాగా చెప్పేవారు ఇక్కడ ఉన్నారు.

---

సిలిండర్ గది జవాబు:

బయోమెడికల్ విభాగంలో పరికరాలు చూసుకునేవాడిని. లెక్క కష్టమైనది కాదు, కానీ ఒక చిక్కు ఉంది.

సిలిండర్ మీద దాని నీటి సామర్థ్యం లీటర్లలో చెక్కి ఉంటుంది. దాన్ని గేజీలో ఒత్తిడిని చూపించే బార్‌లతో గుణిస్తే లోపల ఉన్న ఆక్సిజన్ ఎన్ని లీటర్లో సుమారుగా వస్తుంది. గేజీ పీఎస్‌ఐలో ఉంటే 14.5తో భాగించి బార్‌లుగా మార్చుకోండి.

ఇప్పుడు ఒక రోగిని తీసుకుందాం. నిమిషానికి 9 లీటర్ల గాలి, 100 శాతం ఆక్సిజన్, యంత్రం తన కోసం వాడుకునేది ఇంకో 3 లీటర్లు. మొత్తం నిమిషానికి 12. నీటి సామర్థ్యం 10 లీటర్లున్న సిలిండర్‌లో ముల్లు 100 బార్ దగ్గర ఉంటే లోపల 1000 లీటర్లు, అంటే 83 నిమిషాలు. అదే 2 లీటర్ల చిన్న సిలిండర్‌లో ముల్లు అదే 100 దగ్గర ఉంటే లోపల ఉన్నది 200 లీటర్లే, 16 నిమిషాల్లో అయిపోతుంది. ముల్లు రెండింటిలోనూ ఒకే చోట ఉంటుంది! "సగానికి పైగా ఉంది, చాలు" అని ముల్లు చూసి చెప్పేవారిని నమ్మకండి. సిలిండర్ ఎంతదో తెలియకుండా ముల్లు చెప్పేది ఏమీ లేదు.

వచ్చిన నిమిషాల్లోంచి 30 పక్కన పెట్టండి. లిఫ్టు ఆగవచ్చు, ముందు రోగి స్కానింగ్ పూర్తి కాకపోవచ్చు. మిగిలిన 53 నిమిషాల్లో వెళ్లి రాగలిగితేనే ఆ సిలిండర్‌తో బయలుదేరాలి. మీ ప్రయాణపు వెంటిలేటర్ తనకోసం ఎంత ఆక్సిజన్ వాడుకుంటుందో దాని పుస్తకంలో రాసి ఉంటుంది. కొన్ని రకాలు గాలిని తోయడానికి కూడా ఆక్సిజన్‌నే వాడతాయి, వాటి ఖర్చు చాలా ఎక్కువ. ముక్కు ద్వారా నిమిషానికి 60 లీటర్ల హై ఫ్లో ఆక్సిజన్ మీద ఉన్నవారినైతే ఒకసారి లెక్క వేసి చూడండి. పెద్ద సిలిండర్‌లోని ఆ 1000 లీటర్లు కూడా 17 నిమిషాలు రావు. అలాంటి రోగిని ఎలా తీసుకెళ్లాలో ముందే డాక్టర్ నిర్ణయించాలి.

ఇంకోటి. వాల్వు ఒకసారి తెరిచి మూసేస్తే, రెగ్యులేటర్‌లో చిక్కిన ఒత్తిడి వల్ల ముల్లు నిండుగానే చూపిస్తుంది. వాల్వు మూసి ఉన్నా ముల్లు చూపించే రకాలూ ఉన్నాయి. కాబట్టి ముల్లు చూడటంతో సరిపెట్టకండి. వాల్వు నెమ్మదిగా పూర్తిగా తెరిచి, ఆక్సిజన్ నిజంగా వస్తోందని చెవితోనో చేత్తోనో తెలుసుకోండి.

బ్యాటరీల సంగతి కూడా ఇంతే. తెర మీద పచ్చ గుర్తు ఉన్నంత మాత్రాన పాత బ్యాటరీ గంట నిలుస్తుందని కాదు. ఐసీయూలో పంపులను ఎప్పుడూ ప్లగ్గులోనే ఉంచుతారు కాబట్టి బ్యాటరీ చచ్చిన సంగతి ప్లగ్గు పీకిన రోజునే తెలుస్తుంది. బయలుదేరే పది నిమిషాల ముందే అన్నిటి ప్లగ్గులూ తీసేయమని చెబుతాను. ఆగిపోయేది మంచం పక్కనే ఆగిపోతుంది.

---

గ్యాంట్రీ జవాబు:

సీటీ గదిలో టెక్నీషియన్‌ని. మా వైపు నుంచి కొన్ని మాటలు.

ముందుగా ఫోను చేసి రండి. టేబుల్ ఖాళీ అయ్యాక కదలండి. ఐసీయూ రోగి మా తలుపు బయట వరుసలో ఎదురుచూడటం కంటే ఘోరం లేదు, అక్కడ గోడకు ఆక్సిజన్ ఉండదు, కఫం లాగే సక్షన్ ఉండదు. కాంట్రాస్ట్ (స్కానింగ్‌లో స్పష్టంగా కనిపించడానికి రక్తంలోకి ఎక్కించే మందు) కావాలంటే రోగి చేతి సిరకు మంచి క్యాన్యులా (సూది గొట్టం) పెట్టి తీసుకురండి. బీపీ మందు నడుస్తున్న లైనులోకి కాంట్రాస్ట్ తోస్తే అందులో ఉన్న మందంతా ఒక్కసారిగా గుండెకు చేరుతుంది.

టేబుల్ మీదకు మార్చేటప్పుడు తల దగ్గర ట్యూబు పట్టుకున్నవారే లెక్క చెప్పాలి. అంకెలు ఇంకెవరి నోటి నుంచి వచ్చినా కదలకూడదు. కదిలాక, స్కానింగ్ మొదలుపెట్టక ముందు, టేబుల్‌ను చివరిదాకా లోపలికీ బయటికీ ఒకసారి నడిపిస్తాను. వెంటిలేటర్ గొట్టాలు, లైన్లు, మూత్రపు సంచి ఎక్కడైనా బిగుసుకుంటాయేమో అందరూ చూడాలి. స్కానింగ్ మధ్యలో గొట్టం లాగుకుపోతే, అద్దం వెనక ఉన్న మనం చేరుకునేలోగా ట్యూబు బయటికి వచ్చేస్తుంది. మానిటర్ ముఖాన్ని అద్దం వైపు తిప్పి ఉంచండి. ఈ చిన్న సంగతి చాలామందికి తట్టదు.

దగ్గరి దూరానికి వెంటిలేటర్ ఎందుకు, అంబూ బ్యాగుతో (చేత్తో నొక్కి ఊపిరి అందించే సంచితో) నొక్కుకుంటూ రావచ్చు కదా అని కొందరు అలాగే వస్తారు. దీని మీద డాక్టరు గారు ఏమంటారో?

ఎంఆర్‌ఐ అయితే లెక్కే వేరు. స్కానింగ్ నడవకపోయినా ఆ అయస్కాంతం పనిచేస్తూనే ఉంటుంది. 2001లో అమెరికాలో ఎంఆర్‌ఐ గదిలోకి తెచ్చిన ఇనుప ఆక్సిజన్ సిలిండర్ యంత్రంలోకి దూసుకెళ్లి, లోపల పడుకున్న ఆరేళ్ల పిల్లవాడు చనిపోయాడు. సిలిండర్, ట్రాలీ, పంపు, కత్తెర, జేబులో పెన్ను, ఏదైనా సరే ఎంఆర్‌ఐ సిబ్బంది చూసి అనుమతించాకే గడప దాటాలి. రోగికి గుండె ఆగినా సరే, ముందు రోగినే బయటికి తేవాలి, ఎమర్జెన్సీ ట్రాలీని లోపలికి తోయకూడదు.

---

వేకువ డ్యూటీ:

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. పంపు ఎత్తు సంగతి, చిన్న సిలిండర్ లెక్క మా యూనిట్‌లో అందరికీ చదివి వినిపించాను. ఇంకా రెండు అడగాలి. ఛాతీ గొట్టం (ఛాతీలో చేరిన గాలిని, ద్రవాన్ని బాటిల్‌లోకి తీసే గొట్టం) ఉన్నవారికి దారిలో క్లాంపు చేయాలా వద్దా? మెదడులో ఈవీడీ (మెదడు ద్రవాన్ని బయటికి తీసే గొట్టం) ఉన్నవారికి ఏం చేయాలి? ఇక చివరిది అడగడానికి కొంచెం జంకుగా ఉంది. రోగి నిలకడగా లేడని నాకు అనిపిస్తే, నర్సుగా నేను "ఇప్పుడు వద్దు" అనవచ్చా?

---

ఊపిరి జవాబు:

ఛాతీ గొట్టాన్ని ప్రయాణం కోసం క్లాంపు చేయకండి. ముఖ్యంగా వెంటిలేటర్ మీద ఉండి, బాటిల్‌లో బుడగలు వస్తున్న రోగిలో అసలే వద్దు. గాలి బయటికి పోయే దారి మూసేస్తే ఛాతీలో ఒత్తిడి పెరిగి గుండెను నొక్కేస్తుంది, లిఫ్టు దాటే లోపే గుండె ఆగిపోవచ్చు. బాటిల్ నిటారుగా, ఛాతీ కంటే కిందుగా ఉంటే చాలు. అటు నుంచి ఇటు మార్చేటప్పుడు దాన్ని రోగి పొట్ట మీద పెట్టే అలవాటు కొన్నిచోట్ల ఉంది, నీళ్లు వెనక్కి ఛాతీలోకి పోతాయి. బాటిల్ పట్టుకోవడానికి ఒక మనిషిని కేటాయించండి.

ఈవీడీకి దీనికి పూర్తిగా వ్యతిరేకం. కదిలించేటప్పుడు మూయాలి, లేకపోతే ఎత్తు మారిన ప్రతిసారీ మెదడు ద్రవం ఒక్కసారిగా ఎక్కువ కారిపోతుంది. టేబుల్ మీద స్థిరపడగానే చెవి దగ్గర ఎత్తు సరిచూసి, ఒత్తిడి ఎంతో చూసి, తెరవాలి. మూసిన సంగతి మరిచిపోవడమే ఇక్కడ పెద్ద ప్రమాదం. మూసినవారే తెరవాలి, ఆ పని చేతులు మారకూడదు. ఇలాంటి రోగుల తలను స్కానింగ్ జరిగే కొద్ది నిమిషాలు తప్ప 30 డిగ్రీల ఎత్తులోనే ఉంచండి.

గ్యాంట్రీ గారు అడిగిన అంబూ బ్యాగు సంగతి కూడా ఇక్కడే చెబుతాను. తల దగ్గర బ్యాగు, మాస్కు, పీప్ వాల్వు తప్పకుండా ఉండాలి, వెంటిలేటర్ మొరాయిస్తే అదే దిక్కు. కానీ ప్రయాణమంతా చేత్తో నొక్కడం నాకు ఇష్టం లేదు. కంగారులో ఎవరైనా ఎక్కువసార్లు నొక్కుతారు. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోతుంది, మెదడు రక్తనాళాలు ముడుచుకుంటాయి. తలకు దెబ్బ తగిలినవారికి అది నేరుగా హాని. గట్టిపడిన ఊపిరితిత్తులున్నవారికి పీప్ పోతుంది. యంత్రం ఉన్నప్పుడు యంత్రంతోనే వెళ్లండి.

మీ చివరి ప్రశ్నకు జంకవలసిన అవసరం లేదు. తప్పకుండా అనవచ్చు, అనాలి. ప్రయాణం మొదలయ్యేలోపు ఇద్దరూ ఒకే మాట మీద ఉండటానికి నేను డాక్టర్లకూ నర్సులకూ ఒకే ప్రశ్న నేర్పిస్తాను: ఈ స్కానింగ్ ఫలితం ఏదైనా, ఈరోజు మనం చేసే వైద్యం మారుతుందా? మారితే, కొంత ప్రమాదం ఉన్నా వెళ్లాలి. కడుపులో చీము ఎక్కడుందో తెలియకపోతే మీ పెద్దాయన బతికేవారు కాదు, ఆ ప్రయాణం సబబే. మారకపోతే, మంచం దగ్గరే అల్ట్రాసౌండ్‌తోనో ఎక్స్‌రేతోనో సరిపెట్టుకోవచ్చు, లేదా రేపటిదాకా ఆగవచ్చు. మీరు "వద్దు" అనేటప్పుడు అంకెలతో చెప్పండి. "నాకు భయంగా ఉంది" అంటే వినకపోవచ్చు. "గంటలో నార్‌అడ్రినలిన్ రెండింతలు చేశాం, ప్రయాణపు వెంటిలేటర్ మీద సాచురేషన్ 86 దాటలేదు" అంటే ఏ డాక్టరైనా ఆగి వింటారు. వినకపోతే ఆ రాత్రి బాధ్యత ఉన్న సీనియర్‌కు ఫోను చేయండి. అంతకు మించి, ఆ రోగితో పాటు తలుపు దాటమని ఆ డాక్టరును అడిగే హక్కు కూడా మీకు ఉంది.

తిరిగి వచ్చాక పని అయిపోలేదు. మంచం మీదకు చేర్చి, ఐసీయూ వెంటిలేటర్ తగిలించి అందరూ ఒక్కసారిగా వెళ్లిపోతారు. పళ్ల దగ్గర ట్యూబు మీది సెంటీమీటర్ గుర్తు వెళ్లేముందు ఎంత ఉందో, ఇప్పుడూ అంతే ఉందా చూడండి. ఆర్టీరియల్ లైన్ ట్రాన్స్‌డ్యూసర్‌ను (ధమనిలోని గొట్టం ద్వారా బీపీ కొలిచే పరికరాన్ని) గుండె ఎత్తులో పెట్టి మళ్లీ సున్నా చేయండి. దారి కోసం 100కు పెంచిన ఆక్సిజన్‌ను పాత స్థాయికి తగ్గించండి, అది తెల్లవారే దాకా అలాగే ఉండిపోవడం చాలాసార్లు చూస్తుంటాను. ఆపిన ఆహారం, తగ్గించిన ఇన్సులిన్, మూసిన ఈవీడీ, నోరు నొక్కిన అలారాలు, అన్నీ ఒకసారి చూసుకోండి. ఆ తర్వాత ఒక గంట ఆ రోగి మీద కన్నేసి ఉంచండి. ప్రయాణంలో ముడుచుకున్న ఊపిరితిత్తి తన సంగతి బయటపెట్టేది చాలాసార్లు అప్పుడే.

---

సిలిండర్ గది:

దీనికి ఒక్క మాట కలుపుతాను. తిరిగి వచ్చాక సిలిండర్ వాల్వు మూసి, మిగిలిన ఒత్తిడి ఎంతో చీటీ రాసి దానికే కట్టండి. పంపులు, మానిటర్, ప్రయాణపు వెంటిలేటర్‌లను ప్లగ్గుకు పెట్టి, ఛార్జింగ్ దీపం వెలిగిందో లేదో చూశాకే అక్కడి నుంచి కదలండి. వాడిన అంబూ బ్యాగు, సక్షన్ గొట్టం, మందుల పెట్టె ఆ షిఫ్టులోనే మళ్లీ నింపి పెట్టాలి. తర్వాతి పిలుపు ఎప్పుడు వస్తుందో తెలియదు.